వ్యాపారానికి వెబ్‌సైటు – 4వ పాఠం: ఒక్కచోట మారిస్తే అన్నిచోట్లా మారాలి

గత పాఠంలో హోస్టింగ్‌లో (సైటును ఉంచే అద్దె సర్వర్‌లో) వర్డ్‌ప్రెస్ అనే సైటు కట్టే సాఫ్ట్‌వేర్ ఎక్కించి, దాన్ని నడిపే తెర అయిన డ్యాష్‌బోర్డ్ తెరిచి చూశాం. ఇంత శ్రమ దేనికి, ఎవరికైనా డబ్బిచ్చి పది హెచ్‌టీఎంఎల్ పేజీలు రాయించుకుంటే సరిపోదా అని మీలో కొందరికి అనిపించే ఉంటుంది. ఈ పాఠం పూర్తిచేస్తే జవాబు మీకే తెలుస్తుంది. మన ఉదాహరణ పోచంపల్లి చీరల కొట్టు.

కొట్టు వేళలు, ఫోన్ నంబరు చాలా పేజీల్లో కనిపించాలి. దసరా వారంలో రాత్రి పదింటి దాకా తెరిచి ఉంచాలనుకున్నారు. విడివిడి ఫైళ్లతో కట్టిన సైటులో ప్రతి ఫైలూ తెరిచి దిద్దాలి. ఒక్కటి మరిచిపోయినా, ఆ పేజీ చూసినవాళ్లు ఎనిమిదింటికే కొట్టు కట్టేస్తారనుకుని రావడం మానేస్తారు. వర్డ్‌ప్రెస్ లాంటి కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్‌లో మీరు రాసిన విషయం డేటాబేస్‌లో ఉంటుంది, దాని రూపురేఖలు థీమ్ చూసుకుంటుంది. రెండూ వేరు కాబట్టే విషయాన్ని ఒక్కచోట దిద్దితే చాలు.

చేసి చూద్దాం. ఒక పేజీలో వేళలు, నంబరు, చిరునామా రాయండి. వర్డ్‌ప్రెస్‌లో పేజీలోని ఒక్కో పేరా, ఒక్కో బొమ్మ ఒక్కో బ్లాకు. ఆ బ్లాకులన్నీ కలిపి ఎంచుకుని, టూల్‌బార్‌లోని మూడు చుక్కలు నొక్కి ‘క్రియేట్ ప్యాటర్న్’ ఎంచుకోండి. ప్యాటర్న్ అంటే మళ్లీ మళ్లీ వాడుకోవడానికి దాచుకున్న బ్లాకుల కట్ట. ‘కొట్టు వివరాలు’ అని పేరు పెట్టి, ‘సింక్డ్’ మీట ఆన్‌లో ఉందో లేదో తప్పక చూడండి. అది ఆఫ్‌లో ఉంటే ప్రతి పేజీకీ విడి నకలు తయారవుతుంది, పడ్డ శ్రమంతా వృథా. మిగతా పేజీల్లో ప్లస్ గుర్తు నొక్కి, ప్యాటర్న్స్‌లోంచి దీన్ని తెచ్చి పెట్టండి. ఇకపై అసలు ప్యాటర్న్ దిద్దితే అన్ని పేజీలూ మారతాయి. 2023 ఆగస్టులో 6.3 వెర్షన్ వచ్చేదాకా దీన్ని రీయూజబుల్ బ్లాక్ అనేవారు. పాత వీడియోల్లో ఆ పేరు వినబడితే కంగారు పడకండి.

పొరపాటున పేజీలో ఏదైనా చెరిపేసినా భయం లేదు. ‘రివిజన్స్’లో పాత ప్రతులుంటాయి, కావలసినదాన్ని వెనక్కి తెచ్చుకోవచ్చు. అయితే మీడియా లైబ్రరీలోంచి శాశ్వతంగా తీసేసిన ఫొటో ఇలా తిరిగి రాదు.

తెలుగులో సైటు నడిపేవారికి ఒక ముఖ్యమైన మాట. డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లతో కొట్టించిన కరపత్రంలోని అక్షరాలను నేరుగా తెచ్చి అతికిస్తే అర్థంకాని గుర్తులు పడతాయి, ఎందుకంటే అవి యూనికోడ్ (ఫోన్లూ, కంప్యూటర్లూ అన్నీ ఒకేలా గుర్తించే అక్షర సంకేతాలు) కావు. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులూ దీర్ఘాలూ సరిచూసుకుని అతికించండి. ఆ తంటా ఎందుకని చాలామంది ధరల పట్టికను బొమ్మగా పెట్టేస్తారు. దయచేసి అలా చేయకండి. ధర మారినప్పుడల్లా కొత్త బొమ్మ చేయించాలి, చూపులేనివారికి తెర మీది అక్షరాలు చదివి వినిపించే స్క్రీన్ రీడర్ దాన్ని చదవలేదు, సెర్చ్‌లో మీ చీర పేరు దొరకడమూ కష్టమే. చేతికొచ్చిన సౌకర్యాన్ని మనమే వదులుకున్నట్టవుతుంది.

ఇక తాళాలు ఎవరి దగ్గర ఉండాలి? అన్ని అధికారాలూ ఉండే అడ్మినిస్ట్రేటర్ ఖాతా యజమాని ఈమెయిల్‌తోనే ఉండాలి, సైటు కట్టిచ్చినవారి ఈమెయిల్‌తో మాత్రమే ఉంటే సైటు మీ సొంతమనిపించుకోదు. కొత్త చీరల గురించి రాసే ఉద్యోగికి ఆథర్ పాత్ర చాలు: సొంత పోస్టులు (ఎప్పటికప్పుడు రాసే కబుర్లు) ప్రచురించగలరు, ఫొటోలు ఎక్కించగలరు, పేజీలను మాత్రం మార్చలేరు. మీరు చూశాకే ప్రచురించాలనుకుంటే కంట్రిబ్యూటర్ ఇవ్వండి, కానీ వారు ఫొటోలు ఎక్కించలేరు.

అభ్యాసం: ‘కొట్టు వివరాలు’ ప్యాటర్న్‌ను మూడు పేజీల్లో పెట్టి, ముగింపు వేళ మార్చి, మూడూ ఫోన్‌లో తెరిచి చూడండి. తర్వాత ఆథర్ ఖాతా ఒకటి తయారుచేసి, దాంతో లాగిన్ అయి, ‘పేజెస్’ మెనూ కనిపిస్తుందేమో వెతకండి.

వచ్చే పాఠంలో అప్‌డేట్లు, బ్యాకప్. వర్డ్‌ప్రెస్ వాడేవారు తప్పించుకోలేని పని అది, అందుకే దానికి ఒక పాఠం పూర్తిగా కేటాయిస్తున్నాను.