బండి దిగబడితే: తాడు కట్టే ముందు, లాగేటప్పుడు

మాది గుంటూరు జిల్లా, నల్లరేగడి నేల. గట్టి వాన పడితే చాలు, డొంక రోడ్డులో ఎవరిదో ఒక కారు దిగబడుతుంది. ట్రాక్టర్ తీసుకురమ్మని మాకు ఫోన్ వస్తుంది. ఇన్నేళ్లలో బురద వల్ల ఎవరికైనా దెబ్బ తగలడం నేను చూడలేదు. చూసిన దెబ్బలన్నీ లాగేటప్పుడు తగిలినవే. అందుకే ఒక్కో ఇబ్బందికీ కారణం ఏమిటో, ఏం చేయాలో రాస్తున్నాను.

టైరు గిర్రున తిరుగుతోంది, కారు కదలడం లేదు

తడిసిన రేగడి టైరు గాడుల్లో నిండిపోతుంది. అప్పుడు టైరు నున్నటి బండలా మారి జారుతుంది. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ గొయ్యి లోతవుతుంది, చివరికి కారు కడుపు నేలకి ఆనుతుంది. అక్కడి నుంచి లాగడమంటే బండి బరువుతో పాటు టైర్ల ముందున్న మట్టి గోడనీ, కింద పట్టేసిన బురదనీ కలిపి లాగడమే.

కాబట్టి మొదటి పనిముట్టు తాడు కాదు, పార. నాలుగు టైర్ల ముందూ మట్టి తీసి ఏటవాలుగా చెక్కండి. కడుపు కింద ఆనిన మట్టిని కూడా లాగేయండి. జాకీ కింద వెడల్పాటి చెక్క వేసి టైరు పైకి లేపి, దాని కింద వరిగడ్డి గానీ గోనెసంచులు గానీ కుక్కండి. జాకీ మీదున్న కారు కిందకి మాత్రం తల, చేతులు పెట్టకండి. పక్క చేలో పత్తికట్టె కనిపిస్తుంది గానీ వేయకండి, ఆ మోళ్లు టైరులో దిగుతాయి. స్టీరింగ్ నిటారుగా పెట్టి, రెండో గేరులో క్లచ్ నెమ్మదిగా వదలండి. అరగంట తవ్వితే సగం కార్లు తాడు అవసరం లేకుండానే బయటికొస్తాయి.

సూర్యలంక లాంటి బీచ్ ఇసుకలో దిగబడితే మందు వేరే. టైర్లలో గాలి 18-20 పీఎస్ఐకి తగ్గించండి. టైరు అడుగు భాగం పరుచుకుని ఇసుక మీద తేలుతుంది. 15 కంటే దించితే ట్యూబ్‌లెస్ టైరు రిమ్ము నుంచి ఊడే ప్రమాదం ఉంది. రోడ్డెక్కాక గాలి నింపే దాకా స్పీడు వద్దు.

తాడు తెగుతోంది, హుక్కు ఊడి వస్తోంది

ప్రాణాలు పోయేది ఇక్కడే. ఆరేళ్ల క్రితం మా బావమరిది కారు చేలో దిగబడింది. రోడ్డు పక్క షాపులో కొన్న నైలాన్ తాడు, రెండు చివర్లా ఇనుప హుక్కులు. రెండోసారి కుదిపి లాగగానే ఠప్‌మని శబ్దం వచ్చింది. హుక్కు ఎటు పోయిందో ఎవరికీ కనిపించలేదు. దిగి చూస్తే ట్రాక్టర్ మడ్‌గార్డ్ రేకుకి అరచేయంత సొట్ట, మధ్యలో చిల్లు. నేను కూర్చున్న సీటుకి జానెడు దూరం. ఆ హుక్కు ఇప్పటికీ మా టూల్‌బాక్సులో ఉంది. వంకీ మొత్తం సాగిపోయి మేకులా నిటారుగా అయింది, కొసన గోరంత వంపు మిగిలింది.

సాగిన తాడులో బలం దాగి ఉంటుంది. ఏ కొస ఊడినా ఆ బలమంతా అక్కడున్న ఇనుప ముక్కని విసిరేస్తుంది. ఇనుప గొలుసు అసలు సాగదు కాబట్టి ఒక్క కుదుపుకే ఛాసిస్ వంగుతుంది, లేదా లంకె తెగుతుంది. వైరు రోప్పు తెగితే కొరడాలా వెనక్కి కొడుతుంది.

ఏది కొనాలి? మామూలు కారుకైతే రెండు చివర్లా కుట్టిన లూపులున్న పాలిస్టర్ స్ట్రాప్ (బెల్టులాంటి పట్టీ) చాలు. తెగే బలం బండి మొత్తం బరువుకి రెండు మూడు రెట్లు ఉండాలి. స్ట్రాప్‌ని మెల్లగా బిగించి లాగాలి, ఊపు ఇవ్వకూడదు. ఊపుతో లాగాలంటే కైనెటిక్ రోప్ కావాలి. అది దాదాపు 30 శాతం సాగి, రబ్బరులా బండిని బయటికి తెస్తుంది. దాన్ని గట్టి టో పాయింట్లు (తాడు కట్టడానికి ఛాసిస్‌కి బిగించిన కొక్కేలు) ఉన్న జీపులకే వాడండి. తగిలించడానికి హుక్కులు వద్దు, షాకిల్ (అడ్డంగా పిన్ను బిగించే U ఆకారపు ఇనుప కడియం) వాడండి. దాని మీద పని బరువు, అంటే ఎంత బరువు దాకా వాడొచ్చో, అచ్చు వేసి ఉండాలి. 19 మి.మీ. మందమున్న మంచి షాకిల్ మీద 4.75 టన్నులు అని ఉంటుంది. అచ్చు లేనిది ఎంత లావుగా ఉన్నా కొనకండి.

తాడు పొడవు చాలకపోతే రెండు స్ట్రాపుల్ని షాకిల్‌తో కలపకండి, తెగితే అదే తూటా అవుతుంది. ఒక లూపులోంచి ఇంకోదాన్ని దూర్చి కలపండి. ముడి బిగుసుకుపోకుండా మధ్యలో చుట్టిన దినపత్రిక పెట్టండి.

ఎక్కడ కట్టాలన్నది ఇంకా ముఖ్యం. బంపర్ గార్డుకి, యాక్సిల్‌కి, సస్పెన్షన్ ఆర్ముకి కట్టకూడదు. ట్రెయిలర్ కోసం వెనక బిగించే ఇనుప గుండుకి అసలే కూడదు. అది విరిగి ఎగిరిపడి ఆస్ట్రేలియాలో మనుషులు చనిపోయారు. చాలా కార్లకి డిక్కీలో జాకీ పక్కనే ఒక టో రింగు ఉంటుంది. బంపర్ మీదున్న చిన్న మూత తీసి దాన్ని బిగించాలి. కొన్ని కార్లలో దాని మర ఎడమ వైపు తిరుగుతుంది. పట్టడం లేదని వదిలేయకండి, అటు తిప్పి చూడండి. వీల్ పానాతో చివరి దాకా బిగించండి. సగం బిగిస్తే వంగుతుంది. లాగడం కూడా తిన్నగానే ఉండాలి, పక్కకి లాగితే రింగు విరుగుతుంది.

తాడు మధ్యలో తడి గోనెసంచి గానీ దుప్పటి గానీ వేయండి. తెగినా దాని బరువుకి తాడు కిందికే పడుతుంది. చుట్టూ మూగిన జనాన్ని తాడు పొడవుకి ఒకటిన్నర రెట్లు దూరం పంపండి. మొహమాటం వద్దు, గట్టిగా చెప్పండి. బిగిసిన తాడుని ఎవరూ దాటకూడదు. సైగ చేసేది ఒక్కరే. ముగ్గురు మూడు వైపుల నుంచి "లాగు లాగు" అంటుంటే డ్రైవరుకి టెన్షన్ తప్ప ఏమీ అర్థం కాదు.

ట్రాక్టర్ ముందు చక్రాలు పైకి లేస్తున్నాయి

వెంటనే క్లచ్ తొక్కండి. తాడు వెనక ఇరుసు కంటే ఎత్తులో, టాప్ లింక్ (పనిముట్లు తగిలించే పై కడ్డీ) దగ్గర కట్టారన్నమాట. చక్రం తిరగలేకపోతే ట్రాక్టరే ఇరుసు చుట్టూ తిరిగి డ్రైవరు మీదికి బోర్లా పడుతుంది. రెండు సెకన్లు కూడా పట్టదు, దూకే టైమ్ ఉండదు. తాడు ఎప్పుడూ ఇరుసు కంటే కింద, ట్రాక్టర్ వెనక ఉండే లాగుడు కడ్డీకే (డ్రాబార్) కట్టాలి. తక్కువ గేరు వేసి, క్లచ్ మెల్లగా వదలాలి. అయినా లేస్తుంటే ఆపి, మళ్లీ పార పట్టుకోండి.

బయటికొచ్చింది గానీ బ్రేకు, స్టీరింగ్ బిగుసుకున్నాయి

ఇంజిన్ ఆగిన కారుని లాగుతుంటే అలాగే ఉంటుంది. పవర్ సాయం పోతుంది కాబట్టి మామూలు కంటే చాలా ఎక్కువ బలం పెట్టాలి. తాళం చెవి మాత్రం తీయకండి, స్టీరింగ్ లాక్ పడుతుంది. ఆటోమేటిక్, ఎలక్ట్రిక్ కార్లని బురదలోంచి నాలుగు మీటర్లు లాగినా, ఆపైన చక్రాల మీద ఈడ్చకుండా ఫ్లాట్‌బెడ్ (కారుని పైకెక్కించి తీసుకెళ్లే లారీ) పిలిపించండి. జాతీయ రహదారి మీద బండి ఆగిపోతే హైవే హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేయండి.

వాగులో మునిగిన బండైతే సెల్ఫ్ కొట్టకండి. సిలిండర్‌లో నీళ్లుంటే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. మెకానిక్ చూశాకే స్టార్ట్ చేయాలి.

మర్నాడు హైవే మీద స్టీరింగ్ వణుకుతోంది

అలైన్‌మెంట్ పోయిందని కంగారు పడి షాపుకి పరిగెత్తేముందు టైరు లోపలి వైపు చూడండి. రేగడి రిమ్ములో ఒకవైపు పేరుకుని ఎండితే చక్రం బ్యాలెన్స్ తప్పుతుంది. నీళ్ల ప్రెషర్‌తో లోపలి నుంచి కడగండి. మొండి మట్టిని చెక్క ముక్కతో గీకేయండి. ఆ తర్వాత కూడా వణికితేనే షాపుకి వెళ్లండి.