వేర్వేరు చర్చిలవాళ్ళు కలిసి బైబిలు వాక్యం చదవాలంటే

నేను పెంతెకొస్తు ఇంట పుట్టి, కతోలిక ఇంటికి కోడలిగా వెళ్ళాను. కొత్తలో ఓ రోజు ఉండబట్టలేక అత్తగారిని అడిగేశాను, "మరియమ్మను పూజించమని వాక్యంలో ఎక్కడుంది అత్తయ్యా?" అని. ఆవిడ చేతిలోని జపమాల ఆపి, "పూజించం అమ్మాయ్. మా కోసం ప్రార్థించమని అడుగుతాం. నువ్వు మీ పాస్టరమ్మగారిని అడగవూ, అలాగే" అన్నారు. అలా అడగడం సరైనదని నేను ఇప్పటికీ ఒప్పుకోను. కానీ పూజిస్తారని నాకు చెప్పిందెవరు? మావాళ్ళే. కతోలికులు ఒక్కరూ చెప్పలేదు.

ఇప్పుడు ఆరేళ్ళుగా నాలుగు చర్చిలవాళ్ళం, పదకొండుమందిమి, నెలకోసారి కలుస్తున్నాం. మీరూ మొదలుపెట్టాలనుకుంటే, మేం దెబ్బతిని నేర్చుకున్నవి చెబుతాను.

ముందు మీ పాస్టరుగారికో ఫాదరుగారికో చెప్పండి. చాటుగా మొదలుపెడితే, విశ్వాసుల్ని లాక్కుపోతున్నారన్న మాట వారం తిరక్కుండా పుడుతుంది. "మా చర్చికి రండి" అని ఎవరూ ఎవర్నీ పిలవకూడదని మొదటి రోజే ఒప్పందం చేసుకోండి. ఎప్పుడు మొదలుపెట్టాలో తేలకపోతే జనవరి 18 నుంచి 25 వరకూ ఉండే క్రైస్తవ ఐక్యత ప్రార్థనా వారం మంచి సమయం. అది 1908 నుంచీ ఉంది. ఏటా ఒక వాక్యభాగం, ప్రార్థనలు సిద్ధంగా దొరుకుతాయి. వాటిని కతోలికులూ ఇతర సంఘాలవాళ్ళూ కలిసే తయారుచేస్తారు కాబట్టి "ఇది మీవాళ్ళ పుస్తకం" అనే పేచీ ఉండదు.

మొదటి సమావేశానికి ఒకే ప్రశ్న చాలు: చర్చి అంటే ఏమిటి? జవాబులు రాసి పెట్టుకోండి. మా దగ్గర ఒకాయన భవనం అన్నారు, ఒకావిడ మారుమనస్సు పొందినవాళ్ళు అన్నారు. మా అత్తగారు "అపోస్తలుల దగ్గర్నుంచి తెగకుండా వస్తున్న శ్రీసభ" అన్నారు. అప్పుడు చర్చికి బైబిల్లో వాడిన గ్రీకు మాట దగ్గరికి వెళ్ళండి. ఎక్లేసియా అంటే కూడిన జనం, సభ. సువార్తల్లో ఆ మాట మత్తయిలోనే కనిపిస్తుంది, 16:18లోనూ 18:17లోనూ. రోమా 16:5లో అది ఒకరి ఇంట్లో కూడుతుంది. భవనం అన్నాయన కాస్త నొచ్చుకున్నారు గానీ మర్నెల మానకుండా వచ్చారు. ఒక్క జాగ్రత్త: 16:18లో యేసు "ఈ బండ మీద నా సంఘాన్ని కడతాను" అంటాడు; ఆ బండ పేతురా, లేక యేసే క్రీస్తని పేతురు ఒప్పుకున్న మాటా అన్న చర్చకు మొదటి నెలలోనే దిగకండి. మేం దిగాం. ఇద్దరు మళ్ళీ రాలేదు.

రెండోసారి మాటల పట్టిక వేయండి. మాకు పరిశుద్ధాత్మ, కతోలికులకు పవిత్రాత్మ. మాకు బాప్తిస్మం, వాళ్ళకు జ్ఞానస్నానం. మాకు సంఘం, వాళ్ళకు శ్రీసభ. సగం కోపం ఈ పట్టికతోనే దిగిపోతుంది. మిగిలిన సగం అసలైన తేడా, దాన్ని దాచొద్దు. పసిపిల్లలకిచ్చే బాప్తిస్మం చెల్లుతుందా అంటే మా నాన్నగారు చెల్లదనే అంటారు. "అందరం ఒక్కటే కదా, ఇవన్నీ ఎందుకు" అని నవ్వేసే మనిషి ప్రతి గుంపులోనూ ఒకరుంటారు. నాకు వాదించేవాళ్ళకంటే ఆయనతోనే ఎక్కువ కష్టం.

అందుకే మా దగ్గర గట్టిగా పాటించే నియమం: ఎవరి నమ్మకం వాళ్ళే చెప్పాలి. విన్నవాళ్ళు దాన్ని తమ మాటల్లో తిరిగి చెప్పాలి. చెప్పినవాళ్ళు "అవును, అదే" అనేదాకా జవాబివ్వడానికి వీల్లేదు. నాకు జపమాల గురించి "అవును" అనిపించుకోవడానికి మూడు ప్రయత్నాలు పట్టింది. లూథరన్లూ కతోలికులూ విశ్వాసం వల్ల నీతిమంతులుగా తీర్చబడడం గురించి 1999లో ఉమ్మడి ప్రకటన మీద సంతకం చేశారంటే, వెనక ఎన్నో ఏళ్ళ చర్చలున్నాయి. అందులోనూ ఎక్కడ కలిశామో, ఏ తేడా మిగిలిందో రెండూ రాసుకున్నారు.

ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధన, మాత్రం ఈ గుంపులో పెట్టుకోకండి. కతోలికులు, ఆర్థడాక్సులు మామూలుగా వేరే సంఘాల బల్లలో పాలుపొందరు. మొహమాటపెట్టి తినిపిస్తే ఐక్యత రాదు, ఇంటికెళ్ళాక మనస్సాక్షి పీకుతుంది. అక్కడ విడిపోయే ఉన్నామన్న బాధ బాధగానే ఉండనివ్వండి.

గంటంబావు దాటకుండా పరలోక ప్రార్థనతో ముగించండి. ఎక్కడ ఆగాలో ముందే అనుకోవాలి సుమా. మేం "రాజ్యము, బలము, మహిమ" దాకా వెళ్తాం, కతోలికులు "కీడునుండి" దగ్గరే ఆపేస్తారు. మొదటిసారి మా అత్తగారి ఆమెన్ మధ్యలో ఒంటరిగా వినబడి అందరం కళ్ళు తెరిచాం. ఇప్పుడు ఆవిడ అక్కడ ఆగి, మా చివరి మాట అయ్యేదాకా తల వంచుకునే ఉంటారు. తర్వాత అందరం కలిసి ఆమెన్ అంటాం.