కమ్మరి చేసిన కత్తికి ఇంట్లోనే నూనె పూత కాల్చడం ఎలా?

అనంతపురంలో కమ్మరి దగ్గర చేయించుకున్న కత్తి చాలావరకు లారీ కమాన్ కట్టతో కొట్టినదే అయి ఉంటుంది. అది కార్బన్ ఉక్కు. పదును బాగా పడుతుంది, కానీ రాత్రి తడిగా వదిలేస్తే తెల్లారేసరికి తుప్పు చుక్కలు లేస్తాయి. పలుచగా నూనె రాసి ఓవెన్‌లో కాలిస్తే ఆ నూనె గట్టి పొరగా మారి ఉక్కును పట్టుకుంటుంది. కొత్త దోసె పెనానికి చేసేదీ ఇదే పని. స్టెయిన్‌లెస్ కత్తికి ఇది అక్కర్లేదు.

నూనె విషయంలో తప్పు చేయకండి. మన జిల్లాలో చేతికందేది వేరుశనగ నూనె. అది సరిగ్గా గట్టిపడక జిగటగా మిగిలిపోతుంది. తినడానికి అమ్మే అవిసె గింజల నూనె తెచ్చుకోండి. రంగుల షాపులో దొరికే లిన్‌సీడ్ ఆయిల్ వద్దు, త్వరగా ఆరడానికి అందులో లోహాలున్న మందులు కలుపుతారు.

పిడి బిగించకముందే ఈ పని పెట్టుకోవాలి. బ్లేడును 220 నంబరు ఎమరీ పేపర్‌తో, తర్వాత 400తో రుద్దండి. అద్దంలా మెరిపించొద్దు, కొంచెం గరుకుంటేనే పూత పట్టుకుంటుంది. గిన్నెల సబ్బు, వేడినీళ్లతో కడిగి, ఆరాక తెల్ల గుడ్డతో తుడవండి. గుడ్డకు నలుపు అంటితే మళ్లీ కడగాలి. ఇక అక్కడి నుంచి వట్టి చేత్తో ముట్టుకోవద్దు. వేలి జిడ్డు అంటిన చోట పూత పెచ్చులు లేస్తుంది.

బ్లేడును ఓవెన్‌లో 100 డిగ్రీల దగ్గర పావుగంట ఉంచితే దాగిన తేమ పోతుంది. గ్లౌజులు వేసుకుని, వేడి మీదే నాలుగైదు చుక్కల నూనె అంతటా పూయండి. వెంటనే పొడి గుడ్డతో, వేసిన నూనెంతా తీసేస్తున్నట్టే తుడిచేయండి. కంటికి ఏమీ మిగల్లేదనిపించినా పలుచని పొర ఉంటుంది, అదే చాలు. ఎక్కువైతే అంచున చుక్కలు కట్టి, కాలాక బంకలా అవుతుంది.

రివెట్ రంధ్రంలో ఇనుప తీగ దూర్చి, బ్లేడు దేనికీ తగలకుండా వేలాడదీసి 180 నుంచి 190 డిగ్రీల్లో గంటసేపు కాల్చండి. వేడి అంతకు మించకూడదు. కత్తి గట్టిదనం కమ్మరి కొలిమిలో కాల్చి, చల్లార్చి, మళ్లీ కొంచెం వేడిచేసి తెచ్చినది. ఆ చివరి వేడి సాధారణంగా 200 డిగ్రీల దగ్గర ఉంటుంది. దాన్ని దాటితే ఉక్కు మెత్తబడుతుంది. నేను మొదటి కత్తిని ఓవెన్ డయల్‌ను నమ్మి 250లో పెట్టాను. తీశాక అంచు వంగపండు రంగుకు తిరిగింది. ఒక్క ఎముక మీద వేటు వేయగానే పదును మడతపడింది. మంచి కమ్మరి పనిని పాడు చేశానని చాలా రోజులు బాధపడ్డాను. ఓవెన్‌లో పెట్టే థర్మామీటర్ తప్పకుండా కొనండి.

పొగ వస్తుంది, కిటికీలు తీసి పెట్టండి. నూనె తుడిచిన గుడ్డలను ఉండ చుట్టి మూల పడేయడం చాలా ప్రమాదం. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, కుప్పగా ఉన్న గుడ్డ తనంతట తానే అంటుకోవచ్చు. మన ఎండల్లో మరీ జాగ్రత్త. నీళ్లలో తడిపి, ఆరుబయట విడివిడిగా పరచండి.

ఓవెన్ ఆపి, తలుపు తీయకుండా చల్లారనివ్వండి. ఇలా నాలుగైదు పూతలు. మొదటిది తేనె రంగులో ఉంటుంది, చివరికి ముదురు గోధుమ రంగుకు వస్తుంది. వేలికి జిగట తగిలితే నూనె ఎక్కువైందని అర్థం, మరో గంట కాల్చండి.

తర్వాత పిడి బిగించి, సానరాయి మీద పదును పెట్టండి. అంచున పూత పోతుంది, పోవాలి కూడా. అక్కడ మాత్రం వాడిన ప్రతిసారీ తుడిచి చుక్క నూనె రాయాలి. మామిడికాయ, చింతపండు కోశాక వెంటనే కడగండి, పులుపు ఈ పూతను తినేస్తుంది. స్టీలు పీచు ముట్టించకండి.