చిన్న పిల్లలకు విశేషణాలు నేర్పడం: చెన్నైలో ఒక ఆదివారం తెలుగు తరగతి పద్ధతి

నామవాచకం గుణాన్ని తెలిపే పదం విశేషణమని బోర్డు మీద రాసి పాఠం మొదలుపెట్టడం మనలో చాలామందికి అలవాటు. ఏడెనిమిదేళ్ల పిల్లలు ఆ వాక్యాన్ని తడుముకోకుండా అప్పజెబుతారు గాని, మీ అమ్మమ్మగారి ఇల్లు ఎలా ఉంటుందని అడిగితే "బాగుంటుంది" అని ఊరుకుంటారు. మొదటి ఏడాది నేనూ అలాగే చెప్పి, అదే జవాబు విన్నాను. ఒకేరకం వస్తువులు నాలుగు ఎదురుగా ఉండి, తనకు కావలసినదేదో వేలితో చూపకుండా చెప్పవలసి వచ్చినప్పుడే పిల్లలకు విశేషణం అవసరం తెలిసివస్తుంది. అందుచేత నిర్వచనాన్ని చివరి రోజుకు వాయిదా వేయండి.

మొదటి ఆటకు వంకాయలు చాలు. కోయంబేడు మార్కెట్లోనో, వీధి చివరి కూరగాయల బండి దగ్గరో పొడుగువి, గుండ్రనివి, తెల్లవి, ఊదారంగువి, ఆకుపచ్చవి కలిపి ఎనిమిది కాయలు కొని బల్ల మీద పరచండి. ఒకరు అమ్మాలి, ఒకరు కొనాలి. వేలు చూపకూడదు, అది, ఇది అనకూడదు. "వంకాయ ఇవ్వండి" అని అడిగితే అమ్మేవాడు ఏదో ఒకటి చేతిలో పెడతాడు. "తెల్ల వంకాయ" అంటే తెల్లవి రెండున్నాయి కాబట్టి మళ్లీ పొరపాటు జరుగుతుంది. "పొడుగాటి తెల్ల వంకాయ" అన్నప్పుడే కోరినది దొరుకుతుంది. అమ్మేవాడు అర్థమైనా అర్థం కానట్టే ఉండాలని ముందే చెప్పి పెట్టండి, ఎందుకంటే ఆట బలమంతా ఆ మొండితనంలోనే ఉంది. ఒకసారి రంగూ ఆకారమూ చాలని చోట ఒక పాప కాసేపు ఆలోచించి "తొడిమ విరిగిన వంకాయ" అంది. వ్యాకరణం దాన్ని క్రియాజన్య విశేషణం అంటుంది గాని, ఆ పేరు ఆ పాపకు ఇంకో నాలుగేళ్ల దాకా అక్కరలేదు.

రెండో ఆట స్పర్శకు సంబంధించినది. గుడ్డసంచిలో దూది, కొబ్బరిపీచు, గులకరాయి, తాళంచెవి వేసి, పిల్లలు లోపల చెయ్యి పెట్టి వస్తువు పేరు చెప్పకుండా మెత్తనిది, గరుకైనది, నున్ననిది, చల్లనిది అని వర్ణిస్తుంటే మిగతావారు అదేమిటో ఊహించాలి. రుచులతో కూడా ఈ ఆట ఆడించవచ్చు గాని, ఏ బిడ్డకు ఏది పడదో తల్లిదండ్రులను అడగకుండా ఏదీ నోట పెట్టనివ్వకండి.

చెన్నైలో మరో చిక్కుంది. 2006లో వచ్చిన చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరి పాఠమైంది. ఇంట్లో తెలుగు వినే పిల్లలు బడిలోనూ వీధిలోనూ తమిళమే మాట్లాడతారు. నల్లపిల్లి బొమ్మ చూపించి దాని పేరు చెప్పగానే ఒక బాబు "ఏం మంచి పని చేసింది టీచర్?" అని అడిగాడు. తమిళంలో 'నల్ల' అంటే మంచి. ఇలాంటప్పుడు పిల్లవాణ్ణి సరిదిద్ది వదిలేయకుండా ఆ మాటనే పాఠం చేయండి: బోర్డు మీద రెండు వరుసలు గీసి పెరియ పక్కన పెద్ద, పుదియ పక్కన కొత్త, పళయ పక్కన పాత రాయించండి. 'చిన్న' రెండు వైపులా చేరగానే వాళ్ల ముఖాలు చూడాలి.

తెలుగు విశేషణం పేరుకు ముందు నిలిచినప్పుడు మారదు: పెద్ద గిన్నె, పెద్ద గిన్నెలు, పెద్ద అబ్బాయి. పేరుకు తరవాత వస్తే గిన్నె పెద్దది, గిన్నెలు పెద్దవి, అబ్బాయి పెద్దవాడు అవుతుంది. దీన్ని చెప్పి ఒప్పించడం కష్టం, గెంతించి చూపడం తేలిక. 'పెద్ద' అట్ట పట్టుకున్న పిల్లవాడు 'గిన్నె' అట్ట పట్టుకున్న పిల్లకు ముందు నిలబడతాడు. చప్పట్లు కొట్టగానే అతను ఆ పిల్ల వెనక్కి గెంతి, నేల మీద పరిచిన ది, వి, వాడు ముక్కల్లో సరిపోయే తోకను తగిలించుకుంటాడు. "అందంగా పువ్వు" అనే పిల్లలకూ ఈ ఆటే మందు: 'అందమైన' పువ్వు పక్కన నిలబడుతుంది, 'అందంగా' మాత్రం 'ఉంది' అట్ట పట్టుకున్నవారి పక్కకే పరుగెత్తాలి.

పరవస్తు చిన్నయసూరి ఈ ఊళ్లోనే తెలుగు పండితులుగా ఉండేవారు. 1858 నాటి ఆయన బాలవ్యాకరణం పేరులో 'బాల' ఉన్నా, అది మన ఎనిమిదేళ్లవాళ్ల కోసం రాసింది కాదు; సూత్రాలకు తొందరపడనక్కరలేదు. నాలుగైదు వారాలు ఆటలయ్యాక బోర్డు మీద ఒక ఖాళీ గీసి, దాని పక్కన 'వంకాయ' అని రాయండి. తరగతిలో ప్రతి ఒక్కరూ ఆ ఖాళీలో వేరే మాట పెట్టాలి, ఒకరు అన్నది మరొకరు అనకూడదు. ఆ మాటలన్నీ కిందికి వరుసగా రాసి, వాటి చుట్టూ గీత గీసి, పైన 'విశేషణాలు' అని రాయండి.