ఒకే ఇంట్లో ఆర్‌సీఎం, బాప్టిస్టు: జనవరిలో ఎనిమిది రోజులు కలిసి ప్రార్థన పెట్టుకోవడం ఎలా

మా ఇంట్లో అందరం కలిసి మొదటిసారి ప్రార్థనకు కూర్చున్న రోజు ఇబ్బంది మరియమ్మ దగ్గర రాలేదు, పునీతుల (సెయింట్ల) దగ్గరా రాలేదు, యేసు నేర్పిన పరలోక ప్రార్థన దగ్గర వచ్చింది. నేను పుట్టి పెరిగింది విశాఖ జ్ఞానాపురంలో, ఆర్‌సీఎం, అంటే రోమన్ కతోలిక. అత్తగారిది తాతల నాటి నుంచి బాప్టిస్టు కుటుంబం, ప్రొటెస్టంట్లలో ఒక శాఖ. నేను "మీ నామము పూజింపబడును గాక" అంటుంటే పక్కన అత్తయ్య "నీ నామము పరిశుద్ధపరచబడును గాక" అంటోంది. నేను అన్నం అడుగుతుంటే ఆవిడ అనుదినాహారం అడుగుతోంది, నావి అప్పులు, ఆవిడవి ఋణములు. నేనూ మా అమ్మా "కీడులోనుండి మమ్ము రక్షించండి, ఆమెన్" అని కళ్లు తెరిచేశాం, వాళ్లేమో ఇంకా "రాజ్యము, బలము, మహిమ" దగ్గరే ఉన్నారు. అత్తయ్య ఒక కన్ను తెరిచి నా వైపు చూసి, "అమ్మాయ్, మాదింకా అవ్వలేదు" అంది.

ఇలాంటి ఇళ్లు విశాఖలో చాలానే ఉన్నాయి. పెళ్లిళ్ల వల్ల, ఉద్యోగాల వల్ల, అద్దె ఇళ్ల వల్ల కలిసిపోయిన వాళ్లం. పెద్ద పండక్కి అందరం ఒకచోట భోంచేస్తాం గానీ ప్రార్థన మాటొస్తే ఎవరి గదిలోకి వాళ్లు వెళ్లిపోతాం. కాబట్టి మా ఇంట్లో నాలుగేళ్లుగా చేస్తున్నది, తప్పులతో సహా, రాస్తున్నాను.

ముందు తేదీలు. క్రైస్తవ ఐక్యత కోసం ప్రార్థన వారం జనవరి 18 నుంచి 25 వరకు, మొత్తం ఎనిమిది రోజులు. 1908లో అమెరికాలోని గ్రేమూర్‌లో పాల్ వాట్సన్ అనే ఆయన మొదలుపెట్టారు. అప్పటికి ఆయన ఆంగ్లికన్, ఆ మరుసటి సంవత్సరమే తన మఠంతో సహా కతోలిక సభలో చేరారు. 18 అప్పట్లో పునీత పేతురు పీఠం పండుగ, 25 పౌలు మార్పు చెందిన పండుగ, అందుకే ఆ రెండింటి మధ్య రోజులు. అయితే ఆ మొదటి రోజుల్లో ఐక్యత అంటే "మీరంతా రోముకి వచ్చేయండి" అన్నట్టే ఉండేది, అలా పిలిస్తే మా మావయ్య గారైతే కుర్చీలోంచి లేచి వెళ్లిపోతారు. 1930లలో ఫ్రాన్సులోని లియోన్‌లో పాల్ కుటురియే అనే గురువు దాన్ని మార్చారు: ఎవరు ఎవరిలో చేరాలని కాకుండా, క్రీస్తు కోరిన ఐక్యత, ఆయన కోరిన రీతిలో రావాలని అడుగుదాం అన్నారు. ఇంట్లో పిలిచేటప్పుడు ఈ ఒక్క మాట ముందే చెప్పేస్తే సగం టెన్షన్ పోతుంది. 1968 నుంచి ఈ వారానికి కావలసిన ప్రార్థనలు వాటికన్, ప్రపంచ చర్చిల మండలి కలిసి తయారు చేస్తున్నాయి, ప్రతి ఏడూ ఒక అంశం ఉంటుంది, మీ విచారణ (పారిష్) గురువుల్ని అడిగితే చెబుతారు.

సంక్రాంతి వెళ్లిన రెండు మూడు రోజులకే 18 వస్తుంది. ఇది కలిసొచ్చే విషయం. చుట్టాలు ఇంకా ఊళ్లోనే ఉంటారు, పక్కింటి వాళ్లిచ్చిన అరిసెలు డబ్బాలో ఉంటాయి, ప్రార్థన అయ్యాక టీతో పెట్టడానికి వేరే ఏమీ చేయక్కర్లేదు.

టైము సాయంత్రం ఏడు పెట్టుకోండి, పాతిక నిమిషాలు దాటనివ్వకండి. మొదటి ఏడు నేను చేసిన పెద్ద తప్పు ఇక్కడే. నా ఉత్సాహం కొద్దీ జపమాలతో మొదలుపెట్టాను, అంటే క్రీస్తు, మరియమ్మల జీవిత ఘట్టాలు అయిదు (వాటినే దేవరహస్యాలంటాం) తలచుకుంటూ, మరియమ్మకు చెప్పే మంగళవార్త జపం యాభై సార్లు. రెండో దేవరహస్యానికే మావయ్య గారు ఫోన్ వచ్చిందని వరండాలోకి వెళ్లారు. ఫోన్ రాలేదని అందరికీ తెలుసు. జపమాల మానెయ్యమని చెప్పడం లేదు, ఆరున్నరకి మా అమ్మా నేనూ లోపలి గదిలో చెప్పుకుంటాం, తలుపు తీసే ఉంటుంది, కూర్చోవాలనుకున్న వాళ్లు కూర్చుంటారు. ఏడింటికి హాల్లో జరిగేది మాత్రం అందరిదీ.

హాల్లో ఏం పెట్టాలి? ఒక బల్ల, తెల్ల గుడ్డ, కొవ్వొత్తి, తెరిచిన బైబిల్. మరియమ్మ స్వరూపం ఎప్పుడూ ఉండే చోటే ఉండనివ్వండి. వాళ్లు వస్తున్నారని బీరువాలో దాచడమూ వద్దు, బల్ల మధ్యలోకి తెచ్చి పెట్టడమూ వద్దు. దాచిపెట్టి చేసే ఐక్యత నాకు నచ్చదు, అయినా ఆ స్వరూపం అక్కడ ఉంటుందని ఇన్నేళ్లుగా వాళ్లకు తెలుసు కదా.

బైబిల్ విషయంలో చిన్న జాగ్రత్త. ఆర్‌సీఎం వాళ్లం, మనది 73 పుస్తకాలు, బాప్టిస్టులది 66. సీరాకు పుత్రుడి గ్రంథంలోంచో తోబీతులోంచో చదివితే వాళ్లు పేజీలు తిప్పుతూ కూర్చుంటారు, ఎంత వెతికినా దొరకదు. ఈ ఎనిమిది రోజులకీ ఇద్దరి దగ్గరా ఉన్నవే తీసుకోండి: యోహాను 17, కీర్తన 133, ఎఫెసీ 4, మొదటి కొరింతీ 1, యోహాను 13లో కాళ్లు కడగడం, లూకా 1, చివరి రోజుకి అపొస్తలుల కార్యాలు 9. ఏ అనువాదం అనేది గొడవ కాకుండా ఒక రోజు మనది, ఒక రోజు వాళ్లది చదవండి. మా మావయ్య గారు కీర్తన 133 చూడకుండా చెబుతారు, "సహోదరులు ఐక్యత కలిగి నివసించుట ఎంత మేలు! ఎంత మనోహరము!" అని. ఆ రోజు పుస్తకం ఆయన చేతికివ్వండి, ఇంక వరండాలోకి వెళ్లరు.

మాటలు కూడా చూసుకోవాలి. మనం జ్ఞానస్నానం అంటాం, వాళ్లు బాప్తిస్మం. మన పవిత్రాత్మ వాళ్లకి పరిశుద్ధాత్మ, మన విచారణ వాళ్లకి సంఘం. నడిపించే వాళ్లు రెండూ పక్కపక్కనే చెప్పేస్తే సరి. రెండో రోజుకే పిల్లలు రెండు మాటలూ వాడటం మొదలుపెట్టారు మా ఇంట్లో.

ఇక పరలోక ప్రార్థన. ఎవరి మాటలు వాళ్లు చెప్పుకోండి, మీ, నీ కలిసి వినబడితే ఏమీ కాదు. చివర్లో మాత్రం మనం ఆమెన్ అనకుండా ఆగాలి. ఎందుకంటే ఆ "రాజ్యము, బలము, మహిమ" అన్న మాట మనమూ దివ్యబలిపూజలో (మాస్‌లో) చెబుతాం, పరలోక జపం అయ్యాక గురువు మధ్యలో ఒక చిన్న ప్రార్థన చేసి ఆగితే జనమంతా అనేది అదే. ప్రతి ఆదివారం చెబుతూ కూడా ఇంట్లో అది వాళ్లదనుకుంటున్నాం. ఈ సంగతి నాకు మూడో ఏడు పూజలో ఉండగా తట్టింది, అప్పటిదాకా ఎందుకు తట్టలేదో తెలీదు. ఇప్పుడు మేం ఆగి, ఆ చివరి మాట వాళ్లతో కలిపి, ఆమెన్ ఒకేసారి అంటాం.

మనవులు ఎలా? మనకి రాసి ఉన్నది చదవడం అలవాటు, వాళ్లకి అప్పటికప్పుడు చెప్పడం అలవాటు. మా ఆడపడుచు పెంతెకొస్తు సంఘానికి వెళ్తుంది, తను మొదలుపెడితే కుక్కర్ మూడు కూతలు వేసినా ఆపదు. అందుకని ఒక్కొక్కరికీ ఒక్క మనవి, దాని తర్వాత అందరం "ప్రభువా, మా ప్రార్థన ఆలకించండి" అని పెట్టుకున్నాం. అయినా ఒక రోజు తనకి వదిలెయ్యండి. మా అమ్మకి మోకాళ్ల నొప్పులని తెలిసి తను వచ్చి మోకాళ్ల మీద చెయ్యి వేసి గట్టిగా ప్రార్థన చేసింది. మా అమ్మ జీవితంలో అంత గట్టి ప్రార్థన విని ఉండదు, చేతిలో జపమాల పట్టుకుని కళ్లు మూసుకుని కూర్చుంది, అయ్యాక "వాళ్లమ్మాయి చెయ్యి వెచ్చగా ఉందే" అంది, అంతే.

లూకా 1 చదివే రోజు మరియమ్మ గురించి మాట వస్తుంది, రానివ్వండి. గాబ్రియేలు వందనం చదవండి, ఎలిజబెతమ్మ "స్త్రీలలో నీవు ఆశీర్వదింపబడినదానవు" అనడం చదవండి, ఆ తర్వాత నెమ్మదిగా చెప్పండి, మంగళవార్త జపంలో మొదటి సగం ఇదేనని. అక్కడితో ఆపండి. రెండో సగం, అంటే "మా కొరకు ప్రార్థించండి" అన్నది, వాళ్లు ఒప్పుకోరు. ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇది: నువ్వు జ్వరమొస్తే పాస్టర్ గారికి ఫోన్ చేసి ప్రార్థన చేయమంటావు, నేను దేవుని దగ్గరికి చేరిన వాళ్లని కూడా అడుగుతాను. "పాస్టర్ గారు బతికున్నారు కదా వదినా" అంటుంది ఆడపడుచు. "వాళ్లూ దేవుని దగ్గర బతికే ఉన్నారని మా నమ్మకం" అంటాను. ఆరాధన దేవుడికే, పునీతులకు గౌరవం, అంత వరకూ చెప్పి టీ పెట్టడానికి లేచిపోండి. ఆ రాత్రి ఎవరైనా ఫ్యామిలీ గ్రూపులో విగ్రహాల మీద వీడియో ఫార్వర్డ్ చేస్తే జవాబు ఇవ్వకండి. నేను ఒకసారి ఇచ్చాను, మూడు నెలలు పట్టింది మామూలు అవడానికి.

ఈ వారానికి ఒక పునీతురాలి కథ కావాలంటే మరియా గాబ్రియేల్లా సగెద్దు గురించి చెప్పండి. నిజానికి ఇంకా ధన్యురాలే, అంటే పునీత పట్టానికి ఒక మెట్టు కింద. ఇటలీలో సార్డీనియా దీవి పిల్ల, ట్రాపిస్టు మఠంలో కన్య (నన్), 1938లో ఈ ఐక్యత వారంలోనే తన ప్రాణాన్ని క్రైస్తవుల ఐక్యత కోసం అర్పించుకుంటానంది, క్షయతో 1939లో పోయింది, పాతికేళ్లు. ఆమె సువార్త పుస్తకంలో యోహాను 17 ఉన్న పేజీలు చేతులు తగిలి తగిలి పసుపెక్కి ఉన్నాయని చెబుతారు. రెండో జాన్ పాల్ పోపు గారు 1983 జనవరి 25న, ఈ వారం ముగిసే రోజునే, ధన్యురాలిగా ప్రకటించారు. మా అత్తయ్య కథంతా విని, పునీతులు అన్న మాట ఎత్తకుండా, "ఆ పేజీ ఏదీ, మళ్లీ చదువు" అంది.

24న పునీత ఫ్రాన్సిస్ డి సేల్స్ పండుగ. విశాఖ వాళ్లకి ఇది వదులుకోకూడని రోజు. ఆయన 1594లో ప్రొటెస్టంట్ బోధకుడు కాల్విన్ బోధ అనుసరించే షాబ్లే ప్రాంతానికి వెళ్లినప్పుడు ఎవరూ ప్రసంగం వినడానికి రాకపోతే, చెప్పాలనుకున్నది కాగితాల మీద రాసి తలుపుల కిందినుంచి లోపలికి తోసేవారు. విలేకరులకు పాలక పునీతుడు అయ్యింది అందుకే. ఆయన పేరు పెట్టుకున్న గురువులే ఫ్రాన్సులోని అనెసీ నుంచి 1846లో మన ఊరొచ్చారు, మరుసటి ఏడే సెయింట్ ఎలోషియస్ స్కూలు పెట్టారు. అదే రోజు రెండో సగం కథ కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. వీళ్లకంటే 41 ఏళ్ల ముందే, 1805లో, ప్రొటెస్టంట్లయిన లండన్ మిషన్ వాళ్లు జార్జ్ క్రాన్, అగస్టస్ డి గ్రాంజ్ విశాఖ వచ్చి, ఆనందరాయర్ అనే ఆయన సాయంతో సువార్తలు తెలుగు చేశారు, అవి 1812లో సెరంపూరులో అచ్చయ్యాయి. ఇది చెప్పేసరికి మావయ్య గారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. సీఎస్‌ఐ (దక్షిణ భారత సంఘం) గురించి కూడా ఆయనే అందుకున్నారు: ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ఇంకా కొన్ని సభలు కలిసి 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఒకే సంఘమయ్యాయి, స్వాతంత్ర్యం వచ్చిన ఆరు వారాలకి.

మధ్యలో ఆదివారం వస్తే పొద్దున్నే అందరూ కలిసి రాస్ హిల్ ఎక్కండి, పైన మరియమ్మ గుడి ఉంది. మా వాళ్లకి కొండగుడి అంటే డిసెంబరు 8 మరియమ్మ పండుగ జనసముద్రమే గుర్తొస్తుంది, జనవరిలో ఖాళీగా ఉంటుంది. పైనుంచి పోర్టు, లోపలికి వచ్చే ఓడలు కనిపిస్తాయి. పక్క కొండ మీద దర్గా, ఇంకో కొండ మీద వేంకటేశ్వరస్వామి గుడి. మన కొండగుడి లోపలికి రానన్న వాళ్లని బలవంతపెట్టకండి, బయట గోడ దగ్గర నిలబడి ఓడలు చూస్తారు. మావయ్య గారు మొదటి ఏడు బయటే ఉన్నారు, రెండో ఏడూ బయటే ఉన్నారు, ఫరవాలేదు.

వాళ్లు మీతో పూజకి వస్తే ఒక్క విషయం ఇంటి దగ్గరే చెప్పి తీసుకెళ్లండి: దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే అప్పం) వాళ్లకి ఇవ్వరు. వరుసలో నిలబడ్డాక తెలిస్తే చాలా నొప్పి. నేనూ వాళ్ల ప్రభు సంస్కారంలో తీసుకోను. ఇది బాధగానే ఉంటుంది, దాన్ని కప్పిపుచ్చకండి, 25వ తేదీ మనవుల్లో అదే పెట్టండి. మళ్లీ బాప్తిస్మం అనే మాట మాత్రం ఈ ఎనిమిది రోజుల్లో ఎత్తవద్దని రెండు వైపులా ముందే ఒప్పందం చేసుకోండి. నీళ్లతో పిత, పుత్ర, పవిత్రాత్మ నామంలో ఇచ్చింది ఎవరిచ్చినా మన సభ ఒప్పుకుంటుంది, మళ్లీ ఇవ్వదు. పసిపిల్లకిచ్చింది చెల్లదని వాళ్లంటారు. నా పెళ్లప్పుడు ఒక పెద్దాయన నన్ను మళ్లీ ముంచాలని పట్టుబట్టారు, ఆ పేరు మా ఇంట్లో ఇప్పటికీ ఎవరూ ఎత్తరు.

25 రాత్రి భోజనం తప్పనిసరి. సౌలు గుర్రం మీంచి పడ్డాడని చెప్పకండి, అపొస్తలుల కార్యాలు 9లో గుర్రమే లేదు, మావయ్య గారు పట్టుకుంటారు. భోజనం ముందు ప్రార్థన ఎవరు చేయాలన్నది చీటీలు వేసి తీయండి. పోయినేడు మా ఎనిమిదేళ్ల వాడికి వచ్చింది. వాడు శిలువ గుర్తు వేసుకుని, బాప్టిస్టుల్లాగా కళ్లు గట్టిగా మూసుకుని, సొంత మాటలతో మొదలుపెట్టి ఎక్కడ ఆపాలో తెలియక చేపల పులుసు దాకా వెళ్లాడు. పులుసు కాస్త ఎక్కువే చేయండి, ఆ రోజు ఎవరూ తొందరగా ఇంటికి వెళ్లరు.