అమెరికన్ ఫుట్‌బాల్ ఒప్పందాల బేరసారాలు – 4వ పాఠం: గ్యారంటీ ఏ రోజు నుంచి, దేనికి?

ఈ పాఠాన్ని ఫ్రాంచైజీ ట్యాగ్‌కు, అంటే ఒప్పందం ముగిసిన ఆటగాడిని జట్టు మరో ఏడాది తన దగ్గరే ఉంచుకునే హక్కుకు, కేటాయిద్దామనుకున్నాను. అయితే గత పాఠం చివర ఇచ్చిన నాలుగేళ్ల ఒప్పందం లెక్కకు వచ్చిన జవాబులు చూశాక, ముందు ఆ చిక్కు విప్పకుండా ముందుకు సాగడం సరికాదనిపించింది. ఎక్కువ మంది సైనింగ్ బోనస్‌ను (ఒప్పందంపై సంతకం చేసినందుకు ఇచ్చే మొత్తాన్ని) నాలుగు భాగాలు చేసి, ఆటగాడికి ఏటా ఒక భాగం అందుతుందని రాశారు. మరికొందరు, ఆటగాడిని మధ్యలో తొలగిస్తే డెడ్ మనీ (వెళ్లిపోయిన ఆటగాడి పేరున జట్టు పద్దులో మిగిలే మొత్తం) కింద జట్టు అతనికి మళ్లీ చెల్లించాలని రాశారు. ఈ రెండు జవాబులకూ మూలం ఒక్కటే: ఆటగాడి చేతికి అందే డబ్బునూ, శాలరీ క్యాప్ (ఆటగాళ్లపై ఒక్కో జట్టు ఏటా చూపగల ఖర్చుకు లీగ్ పెట్టిన పరిమితి) పద్దులో జట్టు చూపే అంకెనూ ఒకటిగా భావించడం.

ఆ లెక్కనే మళ్లీ చేద్దాం. నాలుగేళ్ల ఒప్పందం, మొత్తం 6 కోట్ల డాలర్లు. అందులో సైనింగ్ బోనస్ 2 కోట్లు. జీతాలు వరుసగా 20 లక్షలు, 80 లక్షలు, 1.4 కోట్లు, 1.6 కోట్లు. బోనస్ సాధారణంగా మొదటి ఏడాదిలోనే ఆటగాడికి చేరుతుంది, కాబట్టి ఆ ఏడాది అతనికి 2.2 కోట్లు వస్తాయి. జట్టు మాత్రం ఆ బోనస్‌ను ఒప్పంద కాలమంతటికీ సమానంగా పంచి చూపవచ్చు, గరిష్ఠంగా ఐదేళ్లకు. అందుచేత క్యాప్ పద్దులో మొదటి ఏడాది కనిపించేది 50 లక్షల బోనస్ వాటా, 20 లక్షల జీతం, వెరసి 70 లక్షలు మాత్రమే. రెండో ఏడాది ముగిశాక జట్టు అతన్ని వదులుకుంటే, ఇంకా పద్దులోకి ఎక్కని రెండు వాటాలు, అంటే 1 కోటి, డెడ్ మనీగా సాధారణంగా ఒకేసారి వచ్చి పడతాయి. ఆ కోటి ఎప్పుడో చెల్లించిన డబ్బే గనుక కొత్తగా ఎవరికీ ఏమీ అందదు. ఆటగాడు రెండేళ్లలో అందుకున్నది 3 కోట్లు. 6 కోట్ల ఒప్పందమని వార్తల్లో వచ్చినది నిజానికి రెండేళ్ల 3 కోట్ల ఒప్పందం. ఆ తర్వాత కొనసాగించాలా వద్దా అన్నది పూర్తిగా జట్టు ఇష్టం.

అందుకే ఏ ఒప్పందం చూసినా నేను మొదట మొత్తం అంకెను పక్కన పెట్టేస్తాను. ఏటా చేతికందే డబ్బును ఒక వరుసలో, క్యాప్ అంకెను మరో వరుసలో రాసి, పూర్తి గ్యారంటీ ఎక్కడ ఆగిపోతుందో అక్కడ నిలువు గీత గీస్తాను. గీతకు కుడివైపున ఉన్నదాన్ని బేరంలో లెక్కలోకి తీసుకోను. కొందరు అనుభవజ్ఞులు సగటు వార్షిక మొత్తంతో మొదలుపెడతారు. నాకు ఆ పద్ధతి నచ్చదు, ఎందుకంటే చివరి ఏళ్లలో ఎప్పటికీ చెల్లించని పెద్ద జీతాలు పెట్టి ఆ సగటును ఎంతైనా పెంచవచ్చు.

ఇక గ్యారంటీ విషయం. జవాబుల్లో నన్ను అన్నింటికంటే ఎక్కువ బాధపెట్టిన వాక్యం, "ఇంత మొత్తం గ్యారంటీ కాబట్టి ఆటగాడు సురక్షితం" అన్నది. గ్యారంటీ అన్న మాట ఎదురైన ప్రతిసారీ రెండు ప్రశ్నలు వేయండి: ఏ రోజు నుంచి, దేనికి? ఆట తీరు నచ్చకపోయినా, క్యాప్ అవసరం కోసం తొలగించినా, గాయపడినా డబ్బు ఇవ్వవలసిందేనంటే అది పూర్తి గ్యారంటీ. గాయానికి మాత్రమే వర్తించే గ్యారంటీ వేరు. గాయపడిన ఆటగాడికి అది రక్ష. ఆరోగ్యంగా ఉన్న ఆటగాడిని వదిలించుకోవాలనుకునే జట్టును అది ఆపదు. చాలా ఒప్పందాల్లో గాయం గ్యారంటీ మార్చి నెలలో లీగ్ సంవత్సరం (ఒప్పందాలకు లెక్కించే కొత్త ఏడాది) మొదలైన మూడో రోజునో, ఐదో రోజునో పూర్తి గ్యారంటీగా మారుతుంది. ఆ తేదీకి ముందురోజు వరకు అధికారం జట్టుది.

క్వార్టర్‌బ్యాక్ (బంతి విసురుతూ జట్టు దాడిని నడిపే ఆటగాడు) రసెల్ విల్సన్ ఉదంతం చూడండి. 2022లో డెన్వర్ బ్రాంకోస్ అతనితో ఒప్పందాన్ని భారీ మొత్తానికి పొడిగించింది. 2025 జీతం 3.7 కోట్ల డాలర్లు అప్పటికి గాయానికి మాత్రమే గ్యారంటీ. 2024 మార్చిలో లీగ్ సంవత్సరం ఐదో రోజున జట్టులో ఉంటే పూర్తి గ్యారంటీ. 2023 సీజన్‌లో ఇంకా రెండు మ్యాచ్‌లు ఉండగా కోచ్ అతన్ని పక్కన కూర్చోబెట్టాడు. ఆ రెండింటిలో అతను ఆడి, తీవ్రంగా గాయపడి మార్చి వైద్య పరీక్షలో నెగ్గకపోతే, 3.7 కోట్లు జట్టు మెడకు చుట్టుకునేవి. గ్యారంటీ తేదీని మార్చుకోకపోతే కూర్చోబెడతామని జట్టు అంతకు ముందే తనతో చెప్పిందని విల్సన్ బహిరంగంగా వెల్లడించాడు. తేదీ రాకముందే, మార్చిలో, జట్టు అతన్ని వదులుకుంది.

డెడ్ మనీ భయంతో జట్టు వెనక్కి తగ్గుతుందని నమ్మేవారికీ ఇదే సమాధానం. విల్సన్ నిష్క్రమణతో డెన్వర్ పద్దులో పడిన డెడ్ మనీ 8.5 కోట్లు, దాన్ని రెండేళ్లకు పంచగా 2024 వాటా 5.3 కోట్లు. ఆ ఏడాది ఒక్కో జట్టు క్యాప్ 25.54 కోట్లు, అంటే ఐదో వంతుకు పైగా జట్టులో లేని ఆటగాడి పేరున పోయింది. అయినా అదే సీజన్‌లో ఆ జట్టు కొత్త క్వార్టర్‌బ్యాక్‌తో ప్లేఆఫ్‌లకు చేరింది. ఆటగాడిని కాపాడేది క్యాప్ భయం కాదు, ఒప్పంద పత్రంలో రాసిన తేదీ. విల్సన్‌కు 2024 జీతం 3.9 కోట్లు పూర్తి గ్యారంటీ కాబట్టి ఆ సొమ్ము దక్కింది. ఆఫ్‌సెట్ నిబంధన (కొత్త జట్టు ఇచ్చే జీతం మేరకు పాత జట్టు బాకీని తగ్గించే షరతు) ఉన్నందున, అతను చేరిన కొత్త జట్టు స్టీలర్స్ ఇచ్చిన కనీస వేతనం 12.1 లక్షలు పోను, మిగిలినది డెన్వర్ భరించింది. కొత్త జట్టు ఎంత ఇచ్చినా పాత జట్టు భారమే తగ్గుతుంది గనుక, ఆటగాడి తరఫున కూర్చున్నవారు ఆఫ్‌సెట్ తొలగింపును ఎప్పుడూ అడిగి చూడాలి.

ఫ్రాంచైజీ ట్యాగ్ గురించి ప్రస్తుతానికి ఇంత చాలు. అది ఒకే ఏడాది జీతం, సంతకం చేస్తే మొత్తం గ్యారంటీ. రెండోసారి వేస్తే కనీసం 20 శాతం పెరుగుతుంది. క్వార్టర్‌బ్యాక్ కిర్క్ కజిన్స్ వాషింగ్టన్ జట్టులో 2016, 2017లలో వరుసగా రెండు ట్యాగ్‌లకు ఒప్పుకొని సుమారు 4.4 కోట్లు అందుకుని, 2018లో మిన్నెసోటాతో మూడేళ్లకు 8.4 కోట్ల పూర్తి గ్యారంటీ ఒప్పందం కుదుర్చుకున్నాడు. అదే 2018లో రన్నింగ్‌బ్యాక్ (బంతి పట్టుకుని పరిగెత్తే ఆటగాడు) లెవియాన్ బెల్ దాదాపు 1.45 కోట్ల ట్యాగ్‌పై సంతకం చేయక సీజన్ మొత్తం ఆడలేదు. మరుసటి ఏడాది న్యూయార్క్ జెట్స్ జట్టుతో నాలుగేళ్ల ఒప్పందం చేసుకున్నా, ఆ ఏడాది జీతం మాత్రం తిరిగి రాలేదు. రన్నింగ్‌బ్యాక్‌ల కెరీర్ పొట్టిది గనుక నేనైతే బెల్ దారిని సిఫారసు చేయను.

అభ్యాసం: పైన చెప్పిన 6 కోట్ల ఒప్పందంలో, సైనింగ్ బోనస్ పోను, మొదటి ఏడాది జీతానికే పూర్తి గ్యారంటీ ఉందనుకోండి. మీరు ఆటగాడి ఏజెంటు. మొత్తం ఒక్క డాలరు కూడా పెరగకూడదు, మొదటి ఏడాది క్యాప్ అంకె 90 లక్షలు దాటకూడదు. ఈ హద్దుల్లోనే రెండేళ్ల తర్వాత అతన్ని వదులుకోవడం జట్టుకు కష్టమయ్యేలా జీతాలనూ, బోనస్‌నూ, గ్యారంటీ తేదీలనూ తిరిగి అమర్చి, రెండు వరుసల పట్టికతో పాటు జట్టు మేనేజరుకు ఒక పేజీ లేఖ రాయండి. తర్వాత అదే ఒప్పందాన్ని మేనేజరు స్థానంలో కూర్చుని చదివి, మీరు పెట్టిన ఏ తేదీని అతను ముందుగా మార్చమంటాడో, ఎందుకో రాయండి.