ఎక్లిప్స్‌లో ఎక్స్‌పోర్ట్ కొట్టిన జార్ సర్వర్‌కు వద్దు: బిల్డును మావెన్‌కు మార్చడం

జావా కోడ్ రాసే ఎక్లిప్స్‌లో ఎక్స్‌పోర్ట్ నొక్కి, వచ్చిన జార్‌ను (కంపైలైన కోడ్ మూటను) నేరుగా సర్వర్‌లో పెట్టేస్తుంటే, అది ఏ జేడీకేతో (జావా డెవలప్‌మెంట్ కిట్‌తో), ఏ లైబ్రరీ వెర్షన్లతో తయారైందో ఆ ఒక్క లాప్‌టాప్‌కే తెలుసు. పైగా ఎక్లిప్స్ వాడేది జేడీకేలోని జావాక్ అనే కంపైలర్ కాదు, తన సొంత కంపైలర్. తప్పులున్న కోడ్‌కు కూడా అది క్లాస్ ఫైలు రాయగలదు. ఆ మెథడ్ నడిచినప్పుడు గానీ "అన్‌రిజాల్వ్డ్ కంపైలేషన్ ప్రాబ్లమ్" బయటపడదు. కోడ్ రాయడం, డీబగ్ చేయడం ఎక్లిప్స్ లాంటి ఐడీఈలోనే చేసుకోండి. సర్వర్‌కు వెళ్ళే జార్‌ను మాత్రం మావెన్ అనే బిల్డు టూల్ కట్టాలి. ఆండ్రాయిడ్ ప్రాజెక్టయితే, లేదా బిల్డులోనే సొంత లాజిక్ చాలా ఉంటే, గ్రేడిల్ అనే మరో బిల్డు టూల్ నయం.

ముందు ఫోల్డర్లు సర్దండి. కోడ్ మొత్తం ఎస్ఆర్‌సీ, మెయిన్, జావా కిందికి; ఎక్స్ఎంఎల్, ప్రాపర్టీస్ ఫైళ్ళు పక్కనున్న రిసోర్సెస్‌లోకి. చాలామంది మొదటి రోజే దెబ్బతినేది ఇక్కడే. జావా ఫోల్డర్‌లో ఉన్న ఎక్స్ఎంఎల్‌ను కూడా ఎక్లిప్స్ అవుట్‌పుట్‌లోకి కాపీ చేస్తుంది, మావెన్ చేయదు. అందుకే అదే కోడ్ ఐడీఈలో నడుస్తుంది, జార్‌లో ఫైలు దొరకక ఆగిపోతుంది.

తర్వాత లిబ్ ఫోల్డర్‌లోని జార్లు. ఇది ఓపిక పట్టాల్సిన పని. ఒక్కో జార్ లోపలి మానిఫెస్ట్ (వివరాల ఫైలు)లో వెర్షన్ చూడండి. అక్కడ లేకపోతే జార్ షా-1 విలువతో (ఫైలు వేలిముద్ర లాంటి సంఖ్యతో) మావెన్ సెంట్రల్ అనే పబ్లిక్ లైబ్రరీ భాండారంలో వెతకండి. ఎక్కడా దొరకని సొంత జార్‌ను సిస్టమ్ స్కోప్‌తో (మీ డిస్కులోని ఫైలు దారి చూపించే పద్ధతితో) ఇరికించకండి, అది ప్యాకేజీలోకి చేరదు. నెక్సస్ లాంటి ఆఫీసు రిపాజిటరీలో పెట్టి, అక్కడి నుంచి తెచ్చుకోండి. చివరగా మావెన్ డిపెండెన్సీ ట్రీ గోల్ (మావెన్ కమాండ్) నడిపి, ఏ లైబ్రరీ వెంట ఏది వస్తోందో, ఏ వెర్షన్ నెగ్గుతోందో చూడండి.

మావెన్ సెట్టింగులు రాసే పామ్ ఫైలులో తప్పక రాయాల్సినవి మూడు. మొదటిది కంపైలర్ రిలీజ్, అంటే ఏ జావా వెర్షన్ కోసం కంపైల్ చేయాలో. జేడీకే 11 మీద సోర్స్, టార్గెట్ 8 అని మాత్రమే పెడితే, బైట్‌బఫర్ ఫ్లిప్ పిలిచే కోడ్ జావా 8 సర్వర్‌లో "నో సచ్ మెథడ్ ఎర్రర్"తో కూలిపోతుంది, ఎందుకంటే ఆ మెథడ్ తిరిగిచ్చే టైపు జావా 9లో మారింది. రిలీజ్ 8 అంటే ఆ చిక్కు ఉండదు. రెండోది సోర్స్ ఎన్‌కోడింగ్, యూటీఎఫ్-8. జేడీకే 17 వరకు విండోస్‌లో డిఫాల్ట్ వేరు కాబట్టి, ఇది రాయకపోతే కోడ్‌లోని తెలుగు అక్షరాలు పిచ్చిగీతలవుతాయి. మూడోది ప్లగిన్ల వెర్షన్లు. వాటిని రాయకపోతే ఎవరి మావెన్ వెర్షన్‌ను బట్టి వాళ్ళకు వేరే ప్లగిన్ వస్తుంది.

టెస్టుల పేర్లు కూడా చూడండి. మావెన్‌లో టెస్టులు నడిపే ప్లగిన్ ష్యూర్‌ఫైర్ మామూలుగా టెస్ట్ అనే మాటతో మొదలయ్యే, లేదా టెస్ట్, టెస్ట్స్, టెస్ట్‌కేస్ అని ముగిసే క్లాసులనే తీసుకుంటుంది. "చెక్ఇన్‌వాయిస్" అని పేరుపెట్టిన టెస్టు ఐడీఈలో ఆకుపచ్చగా కనిపిస్తుంది, బిల్డులో అసలు నడవదు, ఎవరికీ తెలియదు కూడా. ఐడీఈలో ఎన్ని టెస్టులు నడిచాయో, మావెన్‌లో ఎన్ని నడిచాయో లెక్కపెట్టి పోల్చండి.

ఇప్పుడు మావెన్ రాపర్ గోల్ నడిపి, అది తయారుచేసిన స్క్రిప్టులను గిట్‌లో చేర్చండి. అప్పుడు అందరికీ ఒకే మావెన్ వెర్షన్ దిగుతుంది. ఐడీఈ సొంత సెట్టింగు ఫైళ్ళనూ టార్గెట్ ఫోల్డర్‌నూ గిట్ నుంచి తీసేసి, ఇగ్నోర్ జాబితాలో రాయండి. అందరూ పామ్ నుంచే ప్రాజెక్టును మళ్ళీ ఇంపోర్ట్ చేసుకోవాలి. ఇంటెలిజే అనే ఐడీఈలో అయితే మావెన్ రన్నర్ సెట్టింగుల్లో బిల్డును మావెన్‌కే అప్పగించే ఆప్షన్ ఉంది.

పరీక్ష ఇలా చేయండి: కొత్త ఫోల్డర్‌లో క్లోన్ చేసి, లోకల్ రిపాజిటరీగా (మావెన్ జార్లు దింపి దాచుకునే చోటుగా) ఖాళీ ఫోల్డర్ చూపించి, రాపర్‌తో క్లీన్ వెరిఫై నడపండి. ఏదో జార్ దొరకలేదని ఆగిందంటే, అది ఇన్నాళ్ళూ ఎవరో ఒకరి లాప్‌టాప్ కాష్‌లోనే ఉందన్నమాట. అది సరిచేశాక ఇదే కమాండ్‌ను జెన్‌కిన్స్ అనే ఆటోమేటిక్ బిల్డు సర్వర్‌లో పెట్టి, సర్వర్‌కు వెళ్ళే జార్‌ను అక్కడి నుంచే తీసుకోండి.